‘సంస్కృతం హిందువుల పవిత్ర భాష’ అనే వాక్యం ఎందుకు నిలవదు, ఎలా రాస్తే నిలుస్తుంది

ప్రశ్న క్లుప్తంగా ఇది. సంస్కృతం మీద పరిచయ వ్యాసం రాస్తున్నారు. మొదటి వాక్యం దగ్గరే ముగ్గురు మూడు దారులు పట్టారు. ఒకరు ‘హిందువుల పవిత్ర భాష’ అని ఉండి తీరాలంటున్నారు. ఇంకొకరు బౌద్ధ, జైనాలను చేర్చకపోతే ఒప్పుకోనంటున్నారు. మూడో ఆయన మతం ఊసే వద్దు, ‘ప్రాచీన శాస్త్ర భాష’ అంటే చాలంటున్నారు. వీటికి తోడు ‘అన్ని భాషలకూ తల్లి’, ‘మృతభాష’ అనే పాత తగాదాలు రెండు ఎలాగూ ఉన్నాయి. ఏది ఉంచాలి, ఏది తీయాలి?

ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది, అందుకే తగువు తెగడం లేదు. ‘సంస్కృతం హిందువుల పవిత్ర భాష’ అన్న వాక్యాన్ని ఒకసారి చూడండి. అందులో క్రియ లేదు. క్రియ లేకపోతే కాలమూ ఉండదు. కాలం లేని వాక్యం ఋగ్వేదం నుంచి నిన్నటి పూజలో చెప్పిన సంకల్పం దాకా మూడు వేల ఏళ్లకు పైగా పరుచుకుని కూర్చుంటుంది. ఆ నిడివిలో ఏ మూల తవ్వినా దానికి ఎదురు సాక్ష్యం దొరుకుతుంది. కాబట్టి మొదట చేయాల్సింది క్రియ పెట్టడం: ఎవరు, ఎప్పుడు, దేనికి వాడారు. ఈ మూడూ చెబితే వాక్యం పొడుగవుతుంది కానీ ఎవరూ కొట్టేయలేరు.

పేరుతోనే మొదలుపెడదాం, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే ఉంది. వ్యాకరణకర్త పాణిని తన భాషను ఎక్కడా ‘సంస్కృతం’ అనలేదు. తన కాలంలో మాట్లాడేదాన్ని ‘భాషా’ అన్నాడు, వేదంలోనిదాన్ని ‘ఛందస్సు’ అన్నాడు. సుందరకాండలో హనుమంతుడు సీతతో ఏ మాటలో మాట్లాడాలా అని తర్కించుకునే చోటు చాలామందికి గుర్తుండే ఉంటుంది: ‘వాచం చోదాహరిష్యామి మానుషీమిహ సంస్కృతామ్’. ద్విజుడిలాగా సంస్కృత వాక్కు పలికితే తనను రావణుడనుకుని ఆమె భయపడుతుందేమోనని అక్కడే అనుకుంటాడు. రెండు చోట్లా ‘సంస్కృత’ అనేది వాక్కుకు విశేషణం, చక్కదిద్దిన మాట అని. అది భాష పేరుగా స్థిరపడింది తరవాత. కావ్యాదర్శం రాసిన దండి కాలానికి ‘సంస్కృతం నామ దైవీ వాక్’ అని నిర్వచనమే ఉంది. దండి మాటను పాణినికి, పాణిని మాటను ఋగ్వేద ఋషులకు అంటగడితే అక్కడే మొదటి తప్పు పడుతుంది.

ఋగ్వేద భాష, కాళిదాసు భాష ఒకటేనా అన్న ప్రశ్నకు అవును, కాదు అని రెండూ చెప్పాలి. ‘అగ్నిమీళే పురోహితమ్’లో ఉన్న ళకారం లౌకిక (వేదం తరవాతి) సంస్కృతంలో డకారమైంది, ‘ఈడే’ అంటారు. వేదంలో ‘దేవేభిః’, ‘దేవైః’ రెండూ దొరుకుతాయి. తరవాత ‘దేవైః’ ఒక్కటే మిగిలింది. లేట్ లకారం (సంకల్పం, సంభావన చెప్పే వైదిక క్రియారూపం) పూర్తిగా పోయింది. ఉదాత్తానుదాత్త స్వరం వేదపఠనానికే పరిమితమైంది. అందువల్ల వైదిక సంస్కృతం, లౌకిక సంస్కృతం అని విడదీసి రాయడం చాదస్తం అనుకోకండి. మతానికి సంబంధించిన వాదాలు సగం ఈ విడదీతతోనే సద్దుమణుగుతాయి. వైదిక దశలో మనకు మిగిలిన వాఙ్మయంలో ఎక్కువ భాగం యజ్ఞానికి, దాని వివరణకు సంబంధించినదే. లౌకిక దశలో అలా కాదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. శాసనాలు చూడకుండా ఈ చర్చ చేయకూడదు. చేస్తే ‘వైదికం అంటే సంస్కృతం, బౌద్ధం అంటే ప్రాకృతం’ అనే బడి పుస్తకపు గీత చెరగదు. మహారాష్ట్రలో జున్నర్ దగ్గర నానేఘాట్ కనుమలో శాతవాహనుల నాటి పెద్ద శాసనం ఉంది, రాణి నాగనికదిగా చెబుతారు. అశ్వమేధం, రాజసూయం, అగ్న్యాధేయం, ఏ యాగానికి ఎన్ని ఆవులు దక్షిణ ఇచ్చారన్న లెక్కలతో సహా అన్నీ అందులో ఉన్నాయి. ఇంతకన్నా వైదికమైన విషయం ఇంకేముంటుంది? అయినా భాష ప్రాకృతం. నాగార్జునకొండ ఇక్ష్వాకులదీ అదే కథ. శాంతమూలుడు అశ్వమేధ, వాజపేయాలు చేసినవాడు, ఆ ఇంటి స్త్రీలు బౌద్ధ మహాచైత్యానికి దానాలు ఇచ్చినవారు. ఇద్దరి సంగతీ ప్రాకృతంలోనే రాశారు. ఆ వంశం చివరి దశకు వచ్చేసరికి సంస్కృత శాసనాలు కనిపిస్తాయి.

మరి మంచి సంస్కృత గద్యంలో మొదటి పెద్ద శాసనం ఎవరిది? గుజరాత్‌లో జునాగఢ్ దగ్గర, క్రీ.శ. 150లో రుద్రదాముడు వేయించినది. ఆయన శకుడు, వంశం బయటి నుంచి వచ్చింది. విషయం సుదర్శన తటాకం గట్టు తెగితే మళ్లీ కట్టించడం. అదే బండ మీద అంతకు నాలుగు వందల ఏళ్ల ముందు అశోకుడి ధర్మశాసనాలు ప్రాకృతంలో చెక్కి ఉన్నాయి. అశోకుడి శాసనాల్లో ప్రాకృతం, గ్రీకు, అరమాయిక్ ఉన్నాయి కానీ సంస్కృతం ఒక్కటీ లేదు. సంస్కృతం రాజుల ప్రకటన భాషగా మారడం క్రీ.శ. మొదటి శతాబ్దాల్లో జరిగిన మార్పు, దాన్ని నడిపింది రాజసభల మోజు. కొద్ది శతాబ్దాల్లోనే ఇది సముద్రం దాటింది. బోర్నియోలో మూలవర్మ రాజు యూప (యజ్ఞస్తంభ) శాసనాలు, వియత్నాంలో వో కాన్ శాసనం సంస్కృతంలోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక ఎదురు పొరపాటు జరుగుతుంది, దాన్నీ చూసుకోవాలి. ‘అశోకుడి ప్రాకృతం క్రీ.పూ. 3వ శతాబ్దం, తొలి సంస్కృత శాసనాలు క్రీ.పూ. 1వ శతాబ్దం, కాబట్టి ప్రాకృతమే ముందు, సంస్కృతం దాన్ని దిద్ది చేసుకున్నది’ అనే వాదం ఈమధ్య బాగా తిరుగుతోంది. రాయిమీద ఎక్కిన తేదీ భాష పుట్టిన తేదీ కాదు. పాణిని అశోకుడి కన్నా ముందటివాడు, వేదం పాణిని కన్నా చాలా ముందటిది. దీని తలకిందులు వాదం ‘ప్రాకృతాలన్నీ సంస్కృతం నుంచి దిగజారినవి’ అనేది, అదీ నిలవదు. సంస్కృతంలో ‘ఇహ’ అంటే ఇక్కడ. పాలీలో అదే మాట ‘ఇధ’. పాతది ధకారమే, ప్రాచీన ఇరాన్ భాష అవెస్తాలోనూ ఈ మాటలో హకారం లేదు. అంటే ఈ ఒక్క మాటలో పాలీ సంస్కృతం కన్నా పాత రూపాన్ని దాచుకుంది. ఇందాక చెప్పిన ‘దేవేభిః’ కూడా పాలీలో ‘దేవేహి’గా బతికింది, లౌకిక సంస్కృతంలో పోయింది. కాబట్టి ‘వైదిక భాషకు దగ్గరి మాండలికాల నుంచి వచ్చినవి’ అని రాస్తే సరిపోతుంది, పుట్టించినవాళ్లు ఎవరన్న గొడవ అక్కర్లేదు.

ఇక బౌద్ధ, జైనాల సంగతి. వాటిని చేర్చాలన్న వాదం సరైనదే, కానీ ‘హిందూ, బౌద్ధ, జైన మతాల పవిత్ర భాష’ అని మూడింటినీ ఒకే తాడుకు కట్టడం సరి కాదు. థేరవాద బౌద్ధుల త్రిపిటకం పాలీలో ఉంది. శ్వేతాంబర జైనుల ఆగమాలు అర్ధమాగధి అనే ప్రాకృతంలో ఉన్నాయి. బుద్ధవచనాన్ని ఛందస్సులోకి ఎక్కించవద్దని బుద్ధుడే అన్నట్టు వినయపిటకంలో (భిక్షువుల నియమాల గ్రంథంలో) ఉంది, ఆ మాటకు అర్థం ఏమిటన్నది పండితుల్లో ఇంకా తేలలేదు. అయినా క్రీస్తు శకం మొదటి శతాబ్దాల నుంచి బౌద్ధులు సంస్కృతంలోకి గట్టిగా దిగారు. సర్వాస్తివాద శాఖ బౌద్ధుల సూత్రాలు, మహాయాన సూత్రాలు, అశ్వఘోషుడి కావ్యాలు, నాగార్జునుడు, దిఙ్నాగుడు, ధర్మకీర్తి రాసిన తర్కం అంతా సంస్కృతమే. మహాయాన సూత్రాల్లో చాలావాటి భాష ప్రాకృతానికి సంస్కృతపు చొక్కా తొడిగినట్టు ఉంటుంది. దానికి బౌద్ధ మిశ్ర సంస్కృతమని పేరు పెట్టి 1953లో అమెరికా పండితుడు ఎడ్జర్టన్ వ్యాకరణం, నిఘంటువు వేశాడు. ‘తప్పుల సంస్కృతం’ అని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది వర్ణన కాదు, తీర్పు. తీసేయండి.

ఈ బౌద్ధ సంస్కృత వాఙ్మయంలో చాలా భాగం మూలంలో పోయింది, చైనా, టిబెట్ అనువాదాల్లో మిగిలింది. బుద్ధచరితమే తీసుకోండి: 28 సర్గల్లో సంస్కృతంలో దక్కింది రమారమి సగం. ‘సంస్కృతం హిందువులదే’ అన్న అభిప్రాయం బలపడడానికి ఈ నష్టం కూడా ఒక కారణం. పుస్తకం పోతే వాడినవాళ్లూ లెక్కలోంచి పోతారు. నేపాల్ లోయలో నేవార్ బౌద్ధులు మాత్రం నేటికీ సంస్కృతంలోనే పూజ నడుపుతారు. అందుకే ‘బౌద్ధులు ఒకప్పుడు వాడారు’ అని పూర్తిగా భూతకాలంలోకి నెట్టేసినా తప్పే.

జైనుల్లో ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంతో మొదలై జినసేనుడి ఆదిపురాణం, హేమచంద్రుడి వ్యాకరణం దాకా పెద్ద వరుస ఉంది. మన వైపు నుంచి మంచి ఉదాహరణ మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. 9వ శతాబ్దపు జైనుడు సంస్కృతంలో రాసిన లెక్కల పుస్తకాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఒకే పుస్తకంలో మతం, శాస్త్రం, దేశభాష మూడూ ముడిపడ్డాయి. ఇక సిక్కు మతాన్ని కూడా జాబితాలో చేర్చే అలవాటు కొందరికి ఉంది. గురుగ్రంథ్ సాహిబ్ భాష సంస్కృతం కాదు, కాబట్టి చేర్చవద్దు.

‘హిందూ’ అన్న మాట తీసేయాలన్న వాదానికి నేను ఒప్పుకోను. వేదాలు, ఉపనిషత్తులు, ఇతిహాసాలు, పురాణాలు, ధర్మశాస్త్రాలు, ఆగమాలు ఈ భాషలో ఉన్నాయి. పెళ్లి మంత్రం నుంచి తద్దినం దాకా ఇవాళ కోట్లమంది చెవిన పడే సంస్కృతం హిందూ కర్మకాండలోదే. దీన్ని దాచి రాస్తే పాఠకుడు నవ్వుతాడు. జాగ్రత్త పడాల్సింది రెండు చోట్ల. ఒకటి, ఋగ్వేద కాలానికి ‘హిందూ’ అనే మాట వాడకండి. ఆ మాట సింధు నది పేరు ఇరాన్ వాళ్ల నోట మారగా వచ్చింది, మతం పేరుగా నిలిచింది చాలా తరవాత. అక్కడ ‘వైదిక’ అనండి. రెండు, ‘హిందూ గ్రంథాలన్నీ’ అనకండి. శైవుల తేవారం, వైష్ణవుల దివ్యప్రబంధం తమిళంలో ఉన్నాయి, శ్రీవైష్ణవులకు ప్రబంధం వేదంతో సమానం. ‘చాలావరకు’ అన్న ఒక్క మాట ఈ ఇబ్బందిని తప్పిస్తుంది.

మూడో వాదం, అంటే ‘మతంతో పని లేని శాస్త్ర భాష’ అనేది, వినడానికి బాగుంటుంది. ఆర్యభటీయం, చరక, సుశ్రుత సంహితలు, అర్థశాస్త్రం ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం మొదటి శ్లోకం తీయండి: ‘ప్రణిపత్యైకమనేకం కం సత్యాం దేవతాం పరం బ్రహ్మ’. గ్రహగణితం మొదలుపెట్టే ముందు దణ్ణం. మతం ఒక గదిలో, శాస్త్రం ఒక గదిలో అన్న ఏర్పాటు ఆ కాలానికి లేదు. అలాగని మంగళశ్లోకం ఉన్నంతమాత్రాన లోపలి జ్యా (సైన్) పట్టిక భక్తి సాహిత్యం అయిపోదు. ‘గణిత, వైద్య, రాజనీతి గ్రంథాలు కూడా ఈ భాషలో రాశారు’ అంటే చాలు, ‘లౌకిక’, ‘మతాతీత’ లాంటి ముద్రలు అక్కర్లేదు. మతాల సరిహద్దు ఎంత పలచనో చూపాలంటే ఒక నాణెం ఉంది. 1027-28లో ఘజనీ మహమూదు లాహోరులో వేయించిన వెండి నాణెం మీద ఒక పక్క అరబ్బీ, రెండో పక్క సంస్కృతం ఉంటాయి: ‘అవ్యక్తమేకం ముహమ్మద అవతార నృపతి మహమూద’. కలిమాను (ఇస్లాం విశ్వాస ప్రకటనను) అనువదించాలంటే ‘అవ్యక్తం’, ‘అవతారం’ తప్ప వేరే మాట ఆ పండితుడికి దొరకలేదు.

‘అన్ని భాషలకూ తల్లి’ అన్నదానికి క్రీడాభిరామంలోని ‘జనని సంస్కృతంబు సకల భాషలకును’ అనే పాదాన్ని తెచ్చి పెడతారు. అది కవి గౌరవం, భాషాశాస్త్ర సాక్ష్యం కాదు. తెలుగు విషయంలో ఇది 1816లోనే తేలింది: తెలుగు సంస్కృతజన్యం కాదని మద్రాసులో ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి ధాతువులు, సర్వనామాలు చూపి రాశాడు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం వచ్చింది దానికి 40 ఏళ్ల తరవాత. తత్సమాలు ఎన్ని ఉన్నా అవి అరువు సొమ్ము. ఒకటి, రెండు, మూడు, నేను, నువ్వు, వచ్చాడు, పోయాడు మన ఇంటివి.

ఇండో-యూరోపియన్ భాషల్లో సైతం సంస్కృతం అక్క చెల్లెళ్లలో ఒకతే. దీనికి రుజువు సంస్కృత వ్యాకరణంలోనే ఉంది. కృ ధాతువుకు లిట్‌లో ‘చకార’ అవుతుంది (లిట్ అంటే ఒక భూతకాల రూపం). ద్విత్వం చేస్తే, అంటే మొదటి అక్షరాన్ని రెట్టిస్తే, ‘కకార’ రావాలి కదా? పాణిని ‘కుహోశ్చుః’ (7.4.62) అని సూత్రం చేసి కవర్గానికి చవర్గం వస్తుందన్నాడు. ఎందుకు వస్తుందన్నది ఆయన పని కాదు. కారణం ఇది: ఆ మొదటి అక్షరంలో ఒకప్పుడు ఉన్న అచ్చు అకారం కాదు, ఎకారం. ఎ, ఇ ముందు క అనేది చగా మారడం మనకు తెలిసిన విషయమే, కన్నడంలో కెరె, కివి ఉంటే మనకు చెరువు, చెవి ఉన్నాయి. సంస్కృతంలో తరవాత ఆ ఎకారం కూడా అకారమైపోయింది, కారణం మాయమై ఫలితం మిగిలింది. లాటిన్‌లో ‘మరియు’కు క్వె, సంస్కృతంలో చ, లాటిన్‌లో అయిదుకు క్వింక్వె, సంస్కృతంలో పంచ. గ్రీకు లిట్ రూపాల్లో ద్విత్వం ఇప్పటికీ ఎకారంతోనే ఉంటుంది, గెగొన లాగా. పాత అచ్చు అక్కడ మిగిలి ఇక్కడ పోయిందంటే, రెండింటికీ వెనక ఇంకొకటి ఉందనే అర్థం. ఆ మూలం ‘బహుశా ఇప్పుడు లేదు’ అని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అన్నది ఈ సంగతే.

భాషా కుటుంబం వేరు, వలస వాదం వేరు, జాతి వేరు. మొదటి పేరాలో కుటుంబం మాత్రమే ఉంచండి. మిగతా రెండూ వేరే వ్యాసాలు. అక్కడికి లాగితే ఇక్కడ ఏమీ తేలదు.

తేదీల గొడవలో సాధారణంగా మూడు తేదీలు కలగలిసిపోతాయి. ఋగ్వేద రచన చాలామంది భాషావేత్తల లెక్కలో సుమారు క్రీ.పూ. 1500 నుంచి 1000 మధ్య. రాతలోకి ఎక్కింది చాలా ఆలస్యంగా. చేతికి దొరికే రాతప్రతులు మధ్యయుగాల చివరివి. పుణె భండార్కర్ సంస్థలోని 30 ప్రతులు 2007లో యునెస్కో పట్టికలో చేరాయి. ఈ నడుమంతా పదపాఠం, క్రమపాఠం, జట, ఘన అనే వల్లెవేత పద్ధతులే గ్రంథాన్ని కాపాడాయి. బయటి ఆధారంగా ఇప్పటి టర్కీలోని హత్తుశలో దొరికిన మితన్నీ రాజ్యపు ఒప్పందం పనికొస్తుంది. క్రీ.పూ. 14వ శతాబ్దపు ఆ పలకల మీద మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేర్లున్నాయి. అక్కడి గుర్రాల శిక్షణ గ్రంథంలో ఐక, తేర, పంజ, సత్త అనే అంకెలున్నాయి. వాళ్లు సంస్కృతం మాట్లాడారని మాత్రం రాయకండి, దానికి చాలా దగ్గరి భాష అనండి.

‘మృతభాష’ అన్న మాటకు తిట్టు వాసన ఉంది, పైగా అది కచ్చితమైనదీ కాదు. ఒకప్పుడు మాట్లాడారనడానికి పాణినిలోనే ఆధారాలున్నాయి. దూరం నుంచి పిలిచేటప్పుడు చివరి అచ్చు సాగదీయాలంటాడు (‘దూరాద్ధూతే చ’). విపాశా (బియాస్) నదికి ఉత్తరపు ఒడ్డున బావుల పేర్లకు స్వరం వేరంటాడు. రాతకే పరిమితమైన భాషకు ఇవి అక్కర్లేదు. పతంజలి చెప్పిన ముచ్చట ఇంకా బాగుంటుంది: వైయాకరణుడు ‘ఈ రథానికి ప్రవేత (తోలేవాడు) ఎవరు?’ అని సూత్రం ప్రకారం అడిగితే, సారథి ‘నేనే ప్రాజితను’ అని వాడుక మాటతో జవాబిచ్చి, మీకు సూత్రాలు తెలుసు గానీ వాడుక తెలియదని వాయించాడు. ఇప్పటి లెక్కకు 2011 జనగణన ఉంది, సంస్కృతం మాతృభాషగా చెప్పుకున్నవారు 24,821 మంది. 2001లో 14,135. ఇది జనం రాయించుకున్నది, ఇంట్లో పుట్టినప్పటి నుంచి మాట్లాడేవారి సంఖ్య అని దీన్ని చదవకూడదు. అంకె ఇచ్చి ‘మాతృభాషగా నమోదు చేసుకున్నవారు’ అని రాయండి, బతికుందా పోయిందా అన్న తీర్పు పాఠకుడికి వదిలేయండి.

చట్టపరమైన హోదా ఒక్క వాక్యంలో తేలిపోయే విషయం. 1950 నుంచి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉంది, 2005లో ప్రాచీన భాష హోదా వచ్చింది. సంస్కృతాన్ని ఐచ్ఛిక పాఠ్యాంశంగా పెట్టడం లౌకికత్వానికి విరుద్ధం కాదని 1994 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 1949లో రాజ్యాంగ సభలో దీన్నే అధికార భాష చేయాలని లక్ష్మీకాంత మైత్ర సవరణ తెచ్చినప్పుడు సమర్థించినవారిలో నజీరుద్దీన్ అహ్మద్ ఉన్నారన్నది మతం గీతలు గీసేవాళ్లకు చూపించదగ్గ విషయం.

ఇవన్నీ పెట్టుకుని మొదటి పేరా ఇలా రాయొచ్చు: ‘సంస్కృతం ఇండో-యూరోపియన్ కుటుంబంలో ఇండో-ఆర్య శాఖకు చెందిన ప్రాచీన భాష. దీని అతి పాత రూపం ఋగ్వేదంలో కనిపిస్తుంది; పాణిని వర్ణించిన రూపం తరవాతి కాలానికి ప్రమాణమైంది. వైదిక, హిందూ సంప్రదాయాల మూలగ్రంథాలు చాలావరకు ఈ భాషలో ఉన్నాయి, కర్మకాండలో నేటికీ దీన్ని వాడుతున్నారు. క్రీస్తు శకం తొలి శతాబ్దాల నుంచి బౌద్ధులు, జైనులు కూడా తమ దర్శన, కావ్య రచనలకు దీన్ని విస్తారంగా వాడారు. దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లో రాజశాసనాలు, శాస్త్రగ్రంథాలు ఇందులో వెలువడ్డాయి.’

కుటుంబం ముందు పెట్టింది కావాలనే. భాషకు పుట్టుకతో వచ్చిన లక్షణం అదొక్కటే, మిగతావన్నీ జనం వాడగా అంటినవి. ‘పవిత్ర’ అన్న విశేషణం ఈ పేరాలో లేదు, ఎవరికి పవిత్రమో చెప్పకుండా ఆ మాట వాడితే వాక్యం మళ్లీ మొదటికొస్తుంది. అది కావాలనుకుంటే కింద ఒక విభాగం పెట్టి, శబ్దం నిత్యమన్న మీమాంసకుల మతం, దండి ‘దైవీ వాక్’, బుద్ధవచనంపై వినయపిటకం మాట పక్కపక్కనే, ఎవరిది వారి పేరుతో పెట్టండి. ‘నమ్మకం’ అని ఒకరిదానికి, ‘సిద్ధాంతం’ అని ఇంకొకరిదానికి రాయొద్దు, ఆ తేడా పాఠకుడు వెంటనే పట్టేస్తాడు. లిపి గురించి అడిగితే సంస్కృతానికి సొంత లిపి లేదని, తెలుగు, గ్రంథ, శారద, నందినాగరి లిపులన్నిటిలో రాశారని, దేవనాగరి ఒక్కటే నిలబడడం అచ్చు యంత్రం వచ్చాక బలపడిన అలవాటని రెండు ముక్కల్లో చెబితే సరిపోతుంది.